కోటాలున్నా కాడ్ చేప మిగల్లేదు

న్యూఫౌండ్‌లాండ్ వాళ్ల వాడుకలో చేప అంటే కాడ్ ఒక్కటే. సాల్మన్‌ని సాల్మన్ అంటారు, హెరింగ్‌ని హెరింగ్ అంటారు, ఉత్తినే చేప అన్నారంటే మాత్రం అది కాడ్. మనం 'అన్నం తిన్నావా' అని అడిగితే భోజనం గురించి అడిగినట్టే కదా, అలాగ. కెనడా తూర్పు కొసన ఉన్న ఆ దీవి బతుకు దాదాపు ఐదు వందల ఏళ్లు ఈ ఒక్క చేప మీదే నడిచింది. 1497లో జాన్ కాబట్ ఓడ అటు వెళ్లొచ్చాక, అక్కడ వల కూడా అక్కర్లేదు, బుట్టకి రాయి కట్టి నీళ్లలోకి దింపితే చాలు చేపలు పడతాయని చెప్పుకున్నారు. అలాంటి చోట 1992 జులై 2న కాడ్ వేట ఆపేశారు. రెండేళ్లకే అన్నారు. ఆ నిషేధం ఎత్తేసేసరికి ముప్పై రెండేళ్లు గడిచిపోయాయి.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది 'హద్దూ అదుపూ లేకుండా పట్టేశారు, అయిపోయింది' అని ఒక్క ముక్కలో ముగించేస్తారు. నాకు అభ్యంతరం ఇక్కడే. హద్దు ఉంది. 1970ల మొదట్లోనే అక్కడ కాడ్ చేపకి కోటాలు పెట్టారు, అంటే ఈ ఏడాది ఇన్ని టన్నులు పట్టొచ్చు, అంతకు మించి కుదరదు అని కాగితం మీద అంకె రాసిపెట్టారు. ఆ అంకె వెనక శాస్త్రవేత్తలున్నారు, సర్వే నౌకలున్నాయి, ప్రభుత్వ శాఖ ఉంది, అంతర్జాతీయ సంఘం ఉంది. అవన్నీ ఉండగానే, దాదాపు ఇరవై ఏళ్ల పాటు ఏటేటా కోటా ప్రకటిస్తూ ఉండగానే చేప పోయింది. మన దగ్గర కూడా 'పట్టుబడికి పరిమితి పెట్టాలి' అనే మాట ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది కాబట్టి, పరిమితి పెట్టినా ఎందుకు పోయిందో ముందు అర్థం చేసుకోవాలని నా బాధ.

ముందు ఆ చోటు గురించి నాలుగు మాటలు. గ్రాండ్ బ్యాంక్స్ అంటారు. ఇక్కడ బ్యాంకు అంటే సముద్రం అడుగున ఉండే మెట్ట. చుట్టూ వేల అడుగుల లోతుంటే ఈ మెట్ట మీద మాత్రం నీళ్లు తక్కువ, చాలాచోట్ల వంద మీటర్లకి లోపే. ఉత్తరం నుంచి లాబ్రడార్ చల్లని ప్రవాహం, దక్షిణం నుంచి గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చని ప్రవాహం వచ్చి ఆ దగ్గర్లో కలుస్తాయి, అడుగున ఉన్న సారం పైకి లేస్తుంది, ఎండ తగులుతుంది, నాచు పెరుగుతుంది, దాన్ని తినే సన్న జీవాలు, వాటిని తినే కేపెలిన్ అనే చిన్న చేప, దాన్ని తినే కాడ్. టైటానిక్ ఓడ మునిగింది ఈ మెట్టకి దక్షిణంగానే. అక్కడికి బాస్క్ వాళ్లు, పోర్చుగీసు వాళ్లు, ఫ్రెంచి వాళ్లు, ఇంగ్లీషు వాళ్లు అట్లాంటిక్ దాటి వచ్చి గేలాలతో పట్టుకుని ఉప్పేసి ఎండబెట్టి తీసుకెళ్లేవాళ్లు. ఒడ్డున కర్రలతో మంచెలు కట్టి వాటి మీద చీల్చిన చేపల్ని ఆరబెట్టిన పాత ఫొటోలు చూస్తే నాకు ఉప్పాడ ఒడ్డు గుర్తొస్తుంది, చేప వేరు, చలి వేరు, పని మాత్రం అదే, ఎక్కువగా ఆ పని చేసేది ఆడవాళ్లే కావడం కూడా అలాగే.

ఇన్ని వందల ఏళ్లు పట్టినా తరగలేదు కాబట్టి ఎప్పటికీ తరగదనే నమ్మకం బాగా పాతుకుపోయింది. 1883లో లండన్‌లో జరిగిన చేపల ప్రదర్శనలో థామస్ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్త లేచి కాడ్ లాంటి పెద్ద సముద్ర చేపల సంపద తరిగేది కాదన్నాడు. ఆయన కాలానికి అది తప్పు కాకపోవచ్చు. అప్పటి పడవలకి, అప్పటి వలలకి ఆ మాట సరిపోతుంది. 1954లో ఫెయిర్‌ట్రై అనే బ్రిటిష్ నౌక వచ్చాక సరిపోలేదు. అది ఒకేసారి పడవా, ఫ్యాక్టరీ కూడా. వెనక వైపు నుంచి వలని పైకి లాగి, లోపలే కోసి, ముక్కలు చేసి, గడ్డకట్టించి, వారాల తరబడి ఒడ్డుకి రాకుండా రాత్రీ పగలూ పట్టే నౌక. దాన్ని చూసి సోవియట్ యూనియన్, జర్మనీ, స్పెయిన్ లాంటి దేశాలన్నీ అలాంటివే దించాయి. 1968లో ఆ దీవి ఉత్తర, తూర్పు వైపు సముద్రంలో ఒక్క ఏడాదిలో సుమారు 8.1 లక్షల టన్నుల కాడ్ పట్టారు. పదేళ్లు తిరిగేసరికి పట్టుబడి 1.4 లక్షల టన్నులకి అటూ ఇటూ పడిపోయింది.

అప్పుడు కెనడా వాళ్లకి కోపం వచ్చింది, న్యాయమైన కోపమే. 1977 జనవరి నుంచి తీరానికి 200 మైళ్ల దాకా సముద్రం మాది అని ప్రకటించి విదేశీ నౌకల్ని బయటికి పంపారు. మెట్టలో రెండు చివరలు, ముక్కు, తోక అని పిలిచేవి, ఆ 200 మైళ్ల గీతకి అవతల ఉండిపోయాయి, అది తర్వాత పెద్ద తలనొప్పి అయింది. మిగతాదంతా చేతికొచ్చింది. ఇక మన సముద్రం, మన చేప, మన శాస్త్రం అనుకున్నారు. ఏటా ఉన్న చేపలో ఐదో వంతు మాత్రమే పడదాం, మిగతాది పెరగనిద్దాం అనేది వాళ్ల లెక్క. కాగితం మీద అంతకన్నా జాగ్రత్తైన విధానం ఆ రోజుల్లో ఏ దేశానికీ లేదేమో.

కానీ ఐదో వంతు తీయాలంటే మొత్తం ఎంతుందో తెలియాలి. అసలు దెబ్బ అక్కడే తగిలింది.

సముద్రంలో చేపల్ని ఎవరూ లెక్కపెట్టలేరు, అంచనా వేయాలి. దానికి రెండు దారులు పట్టారు. ఒకటి, ప్రభుత్వ సర్వే నౌక ఏటా చీటీ తీసినట్టు అక్కడక్కడా వలేసి ఎంత పడిందో చూడటం. రెండు, కంపెనీల ట్రాలర్లు, అంటే వలని వెనకాల ఈడ్చుకుంటూ పోయే పెద్ద నౌకలు, గంటసేపు వల లాగితే ఎంత పడుతోందో చూడటం. ట్రాలర్ల లెక్క ఏడాదికేడాది బాగా కనిపించింది, గంటకి పడే చేప పెరుగుతోంది కాబట్టి సముద్రంలో చేప పెరుగుతోందని అనుకున్నారు. సర్వే నౌక లెక్క అంత ఆశగా లేదు. రెండిటినీ కలిపి మధ్యస్థంగా ఒక అంకెకి వచ్చారు, దాని మీద కోటా కట్టారు.

పల్లెటూళ్లో పెరిగిన ఎవరికైనా ఇందులో తప్పు చటుక్కున తెలుస్తుంది. ఎండాకాలం చెరువు ఇంకిపోతుంటే చేపలన్నీ నడిమధ్య మిగిలిన గుంటలోకి చేరతాయి. మాఘంలో చెరువంతా తిరిగి వలేసినా బుట్ట నిండదు, వైశాఖంలో ఆ గుంటలో ఒక్క విసురుకే నిండుతుంది. విసురు లెక్కన చూస్తే వైశాఖంలోనే చేప ఎక్కువున్నట్టు. చెరువుకి గట్టుంది కాబట్టి, నీళ్లు తగ్గడం కళ్లకి కనిపిస్తుంది కాబట్టి ఎవడూ మోసపోడు. సముద్రంలో ఆ గట్టు కనిపించదు. కాడ్ తగ్గేకొద్దీ మిగిలిన గుంపులు కొన్ని చోట్లకి, ముఖ్యంగా బోనావిస్టా వైపు లోతు దారిలోకి చేరాయి, శబ్దంతో చేపల గుంపుని పసిగట్టే సోనార్ ఉన్న ట్రాలర్లు నేరుగా అక్కడికే వెళ్లి నిండా పట్టుకొచ్చాయి. చివరి గుంపు దాకా ట్రాలర్ వల నిండుతూనే ఉంటుంది. ఆ తర్వాత ఒకేసారి ఖాళీ అవుతుంది. మధ్యలో హెచ్చరికంటూ ఉండదు.

హెచ్చరిక వేరే వైపు నుంచి వచ్చింది, ఒడ్డు జాలర్ల నుంచి. వాళ్లు ట్రాలర్లలా చేప వెంట పడరు. ఎండాకాలంలో కేపెలిన్ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తుంది, దాని వెనకే కాడ్ వస్తుంది, వీళ్లు గది ఆకారంలో ఉండే వలని ఒకచోట కట్టి ఎదురుచూస్తారు. చేప ఎక్కువుంటే ఎక్కువ వస్తుంది, లేకపోతే రాదు. అంటే సముద్రంలో నిజంగా ఎంతుందో చెప్పే కొలమానం వాళ్ల వలే. 1980ల నడుమ నుంచే వాళ్లు చెబుతున్నారు, చేప తగ్గింది, వచ్చింది కూడా చిన్నగా ఉంటోంది, ట్రాలర్లు చలికాలంలో గుడ్లు పెట్టే చోట పడి ఊడ్చేస్తున్నాయి అని. సంఘం పెట్టుకున్నారు, యూనివర్సిటీ జీవశాస్త్రవేత్తల చేత నివేదిక రాయించారు, కోర్టుకి కూడా వెళ్లారు. ప్రభుత్వ శాఖ నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, నీళ్ల వేడి మారి చేప ఒడ్డుకి రావడం లేదు, మా లెక్క ప్రకారం సముద్రంలో బాగానే ఉంది అని. చదువుకున్నవాడి అంకెకీ, వలేసేవాడి మాటకీ తేడా వచ్చినప్పుడు అంకెనే నమ్మారు. ఆ అంకె కూడా ట్రాలర్ల నుంచి వచ్చిందేనని ఎవరూ గట్టిగా ఆలోచించలేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

1989లో శాస్త్రవేత్తలు తమ తప్పు తామే ఒప్పుకున్నారు, అది వాళ్ల నిజాయితీ. ఐదో వంతు అనుకున్నది నిజానికి దానికి రెట్టింపు పైనే పట్టారని తేలింది. రాసుకున్న నియమం ప్రకారమైతే ఆ ఏడాది కోటా 1.25 లక్షల టన్నులకి తగ్గించాలి, అంతకుముందు ఏడాది 2.66 లక్షలు. సగానికి పైగా కోత. చేపల ప్లాంట్లు మూతపడతాయి, ఊళ్లు గోల పెడతాయి, ఎన్నికల్లో దెబ్బ తగులుతుంది. చివరికి 2.35 లక్షలుగా నిర్ణయించారు. తర్వాతి ఏడాది ఇంకొంచెం, ఆ తర్వాత ఇంకొంచెం తగ్గించారు. 1992 కోటా మొదట 1.85 లక్షలన్నారు, ఫిబ్రవరిలో 1.2 లక్షలన్నారు, జులైలో సున్నా అన్నారు. నా దృష్టిలో కాడ్ పోయింది ఈ మూడేళ్లలోనే. అంతకుముందు జరిగింది పొరపాటు. 1989 తర్వాత జరిగింది మాత్రం తెలిసి తీసుకున్న నిర్ణయం, చేపని బట్టి కాకుండా అప్పుల్ని బట్టి, ఓట్లని బట్టి కోటా పెట్టడం.

1992 జులై 1న, అది కెనడా జాతీయ దినం, మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ బే బుల్స్ అనే ఊరికి వెళ్తే జనం చుట్టుముట్టారు. 'నీళ్లలోంచి చేపల్ని తీసింది నేను కాదు' అని ఆయన అరిచాడు. మర్నాడు సెయింట్ జాన్స్‌లో ఒక హోటల్ గదిలో విలేకరుల ముందు నిషేధం ప్రకటించి, జాలర్లకి వారానికి 225 డాలర్లు ఇస్తామన్నాడు. బయట ఉన్న జాలర్లు ఆ గది తలుపుని విరగ్గొట్టబోయారు. సముద్రం మీద పెరిగిన మగవాళ్లు, తండ్రులూ తాతలూ అందరూ చేపలు పట్టినవాళ్లే, ఆ అంకె విని తలుపు మీద పడ్డారు. తర్వాత ఆ సాయాన్ని 406 డాలర్ల దాకా పెంచారు. దాదాపు ముప్పై వేల మంది పని పోయింది, కెనడా చరిత్రలో ఒకేసారి అంతమంది పని పోవడం అదే మొదలంటారు. 1991లో ఆ రాష్ట్రం జనాభా 5.68 లక్షలు, 2006 నాటికి 5.05 లక్షలు. పిల్లలు అల్బెర్టా చమురు బావులకి వెళ్లిపోయారు. వలస అంటే ఏంటో శ్రీకాకుళం జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే.

ఆ ఏళ్లలో నీళ్లు మామూలు కన్నా చల్లగా ఉన్నాయని, కేపెలిన్ తగ్గిందని, సీల్ జంతువులు తినేశాయని కూడా అంటారు. చలి నిజమే, కేపెలిన్ కుప్పకూలడం నిజమే, ఎంత వాటా దేనిదనే దాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా ఉంది. నేననేది ఒకటే, ఒంట్లో బలం ఉన్నవాడు జ్వరానికి తట్టుకుంటాడు. ఐదు నుంచి ఏడేళ్లకి గానీ ఈడుకి రాని చేప అది. వయసు మీరిన పెద్ద ఆడ కాడ్ ఒక్కో కాన్పుకి లక్షల గుడ్లు పెడుతుంది, ఆ పెద్దవాటినే ముందు ఏరేస్తే చెడ్డ ఏడాది వచ్చినప్పుడు నిలబెట్టేది ఏముంటుంది?

కోటాలో ఇంకో చిల్లు ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. కోటాలో లెక్కించేది ఒడ్డుకి చేరిన చేపని. సముద్రంలో చంపిన చేపని కాదు. చిన్న చేపకి ధర తక్కువ, అది కోటాని తినేస్తుంది, అందుకని చచ్చిన చిన్న చేపని నీళ్లలోకే పారేసి పెద్దదాని కోసం మళ్లీ వలేస్తారు. కాగితం మీద కోటా దాటలేదు. సముద్రంలో దాటింది. 200 మైళ్ల గీత అవతల సంగతి ఇంకా అన్యాయం. 1995 మార్చిలో కెనడా గస్తీ నౌకలు ఎస్తాయ్ అనే స్పెయిన్ ట్రాలర్‌ని వెంటాడి పట్టుకున్నాయి. అది తెంచి వదిలేసిన వలని సముద్రం అడుగు నుంచి తీసి చూస్తే కన్ను చాలా చిన్నది. ఆ వలని న్యూయార్క్ తీసుకెళ్లి ఐక్యరాజ్యసమితి భవనం ఎదురుగా నదిలో వేలాడదీసి ప్రపంచానికి చూపించారు. అదే ఏడాది దేశాల గీతలు దాటి తిరిగే చేపల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది.

సరే, ముందే కోస్తే ఏమయ్యేది? దీనికి జవాబు నార్వేలో ఉంది. సరిగ్గా అదే రోజుల్లో, 1980ల చివర్లో, బారెంట్స్ సముద్రంలో వాళ్ల కాడ్ కూడా ప్రమాదంలో పడింది. 1987లోనే చచ్చిన కాడ్‌ని పారేయడం నేరం చేశారు, పట్టినదంతా ఒడ్డుకి తేవాల్సిందే. తర్వాత అప్పటి సోవియట్ యూనియన్‌తో కలిసి కోటాని గట్టిగా కోశారు. ఉత్తర నార్వే ఊళ్లలో అప్పుడు ఏడ్పులు తక్కువేం కాదు. కానీ చేప లేచింది, 2013లో ఆ సముద్రంలో కోటా పది లక్షల టన్నులు. మళ్లీ తగ్గుతోందని తెలిశాక ఏడాదికేడాది కోస్తూ 2025కి 3.4 లక్షల టన్నులకి దించారు. ఎంత బాధగా ఉన్నా అంకె చెప్పినప్పుడు దించుతున్నారు. న్యూఫౌండ్‌లాండ్‌కీ నార్వేకీ నాకు కనిపించే తేడా అదే. ఇటు న్యూఫౌండ్‌లాండ్‌లో 2024 జూన్‌లో నిషేధం ఎత్తేసి 18,000 టన్నుల కోటా ఇచ్చారు, పెద్ద ట్రాలర్లకీ వాటా ఇచ్చారు, విదేశీ నౌకలకి కూడా కొంత. ఒడ్డు జాలర్ల సంఘం దీన్ని తిట్టింది. ముప్పై రెండేళ్లు వాళ్లు కాచుకున్న చేపని మొదటి ఏడాదే ట్రాలర్‌తో పంచుకోమనడం నాకూ మింగుడుపడలేదు.

మన దగ్గర సంగతి. విశాఖపట్నానికి ఇలాంటి కథ ఒకటి ఉంది, ఇప్పటి కుర్రాళ్లకి పెద్దగా తెలియదు. 1980లలో విశాఖ నుంచి వందకు పైగా పెద్ద రొయ్యల ట్రాలర్లు బంగాళాఖాతం పై కొసన, హుగ్లీ నది నోటి దగ్గరుండే శాండ్‌హెడ్స్ అనే మెట్టల దాకా వెళ్లేవి. ఫ్రీజర్‌లో చోటు రొయ్యకే, కాబట్టి వలలో పడ్డ చేపల్లో చాలా భాగం చచ్చాక నీళ్లలోకి తోసేసేవాళ్లు. బ్యాంకు అప్పులతో కొన్న నౌకలు, కిస్తీ కట్టాలంటే వల లాగాలి, రొయ్య తగ్గేకొద్దీ ఇంకా ఎక్కువ లాగాలి. 1990లలో ఆ వ్యాపారం కుదేలైంది. అక్కడ కోటా అనే మాటే లేదు.

ఇప్పటికీ లేదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం, వల కన్నుకి కొలత, ఆంధ్రలో తీరానికి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే చోటు, ఇవీ మన నియమాలు. రోజుల్ని లెక్కపెడతాం, టన్నుల్ని లెక్కపెట్టం. 61 రోజులు ఆగి అరవై రెండో రోజు రెట్టింపు పడితే అడిగే నియమం లేదు. 2025 నవంబర్లో కేంద్రం తెచ్చిన కొత్త నియమాల్లో లైట్లు వేసి పట్టడం, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగడం నిషేధించారు, కనీస సైజులు పెడతామన్నారు, మంచిదే. కానీ దేశం మొత్తానికి 53.1 లక్షల టన్నులు పట్టే అవకాశం ఉంది, పడుతున్నది 35 లక్షలకి అటూ ఇటూ, కాబట్టి ఇంకా బోలెడు చోటుంది అనే వాదన వింటే మాత్రం నాకు టెన్షన్ వస్తుంది. మొత్తం అంకె వంజరం సంగతి చెప్పదు, చందువా సంగతి చెప్పదు, భీమిలి ఎదురుగా ఎంతుందో చెప్పదు.

నిషేధం ముగిసిన పది రోజులకి ఒకసారి తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. వేలంపాట ఒక పక్క జోరుగా సాగుతోంది. ఇంకో పక్క పారతో ఎత్తి ప్లాస్టిక్ ట్రేల్లోకి పోస్తున్నారు, చిటికెనవేలంత గులివిందలు, రిబ్బను ముక్కల్లా సావిడాయి పిల్లలు, పేరు పెట్టలేని పరిగె, అన్నీ ఐసులో కలిసిపోయి ముద్దలా. పక్కన తాడు చుడుతున్న పెద్దాయన్ని, ఒకప్పుడు బోటు నడిపిన సరంగట, అడిగాను.

"ఇవెక్కడికి తాతా?"

"మిల్లుకి బాబూ. పొడి చేసి మేతలో కలుపుతారు."

"ఇంత చిన్నవి వదిలేస్తే పెరుగుతాయి కదా?"

"పెద్ద కన్ను వలేస్తే డీజిలు డబ్బులు రావు బాబూ. నేనాగితే పక్క బోటోడు ఆగుతాడా?"

ఆయన మాటల్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. గోదావరి జిల్లాల రొయ్యల చెరువులకి మేత కావాలి, మేతకి చేపపొడి కావాలి, ఆ పొడికి ఈ పిల్లలే కావాలి. పక్క బోటువాడు ఆగితే తప్ప ఈయన ఆగలేడు, ఇద్దర్నీ కలిపి ఆపేది బయట నుంచి రావాలి, అది రోజుల లెక్కతో రాదు. నూటొక్క రకాల చేపలు ఒకే వలలో పడే మన సముద్రంలో నార్వే లాగా ప్రతి చేపకీ కోటా పెట్టడం కుదరదని నాకు తెలుసు. కానాగంతలు, కవళ్లు, వంజరం లాంటి కొన్నిటికైనా పెట్టొచ్చు. మిల్లుకి వెళ్లే పిల్ల చేపని ఊరికే ఆపమనడం కాదు, దానికి పన్ను వేయొచ్చు, బరువు రాయొచ్చు. నిషేధం రోజుల్లో కుటుంబానికి ఇచ్చే 20,000 రూపాయలు ఇప్పుడు 61 రోజులకి, ఒక చెడ్డ ఏడాది కోటా కోయాల్సి వస్తే ఆ కోతకీ సాయం ముందే రాసిపెట్టి ఉండాలి, లేకపోతే మంత్రి ఎవరైనా 1989లో కెనడా చేసిందే చేస్తాడు.

ఆ ఉదయం జెట్టీ మీద ఒక కుర్రాడు చేతిలో స్కేలు, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని ఒక్కో చేప పొడుగు కొలిచి రాసుకుంటున్నాడు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు మన తీరం పొడుగునా ఇలా ఎన్నో ఏళ్లుగా కొలుస్తున్నారు. తెప్ప మీద, ఫైబర్ బోటు మీద వెళ్లేవాళ్ల వలలో ఏం పడింది, ఏ సైజు పడింది అనేదానికి ఆ పుస్తకంలో పెద్ద మరపడవలైన సోనా బోట్ల కన్నా ఎక్కువ పేజీలుండాలి. ఆ పేజీలు జూన్ 14 లోపు హార్బర్ గోడ మీద తెలుగులో అతికించాలి, ఈ ఏడాది కానాగంతల పొడుగు ఇంత, పోయినేడాది ఇంత అని. ఆ పెద్దాయన, పక్క బోటువాడు, మిల్లు వాడు, అధికారి నలుగురూ ఒకే అంకె చూశాక బోట్లు వదలాలి.